కదిరి తేరు వేగం

కదిరి మా అత్తవారి ఊరు. ఈ మాట మొదటే చెప్పివేయడం మంచిది. అల్లుడైనవాడు అత్తవారి ఊరిని పొగిడితే పాఠకులు నమ్మరు, తెగిడితే ఇంట్లో ఊరుకోరు. అందుచేత రెండూ తగ్గించుకొని, మొన్న ఫాల్గుణంలో బ్రహ్మోత్సవాలకు వెళ్లి పదిహేను రోజులు వుండి చూసిన ఒక వీధి సంగతి మాత్రం మనవి చేస్తాను.

ధర్మవరంలో బండి మారి పాకాల లైనులో బయలుదేరాము. మా పెండ్లినాటికి అది మీటరుగేజి. బండి ఎంత నిదానమంటే, కట్ట పక్క రాతి మీద తొండ తల ఊపడం కూడా కనిపించేది. ఇప్పుడు బ్రాడుగేజి. తొండలు వున్నవో లేవో తెలియదు. ముదిగుబ్బ దాటాక కూడా కిటికీలోంచి కనిపించేవి అవే రాళ్లగుట్టలు, అదే ఎర్రమట్టి, పంట తీసివేసిన వేరుసెనగ చేలు. ఏడాది మొత్తం మీద అయిదారు వందల మిల్లీమీటర్లు కురిస్తే కురిసినట్లు. ఆ కురిసేదైనా రైతు అడిగిన రోజున కురవదు. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు కదిరి శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లింది గాని, పైనున్న ఆకాశం పాత అనంతపురానిదే.

ఆ ఆకాశం కిందనే కదిరివారు మల్లెలు పూయిస్తారు, కుంకుమ అమ్ముతారు. ఇక్కడి వ్యవసాయ పరిశోధనా కేంద్రం తయారుచేసిన వేరుసెనగ వంగడాలు కదిరి 6 అనీ, కదిరి లేపాక్షి అనీ ఊరి పేరుతోనే చెల్లుబాటు అవుతున్నాయి. ఇంత మాత్రం పొగడ్తకు మా ఇంట్లో అభ్యంతరం వుండదు.

మావాళ్ల వీధి గుడికి నడిచిపోయేటంత దూరంలో వున్నది. నేను అల్లుడిగా మొదటిసారి అడుగుపెట్టిననాడు అది మట్టివీధి. రెండు వైపులా మిద్దెలు, ప్రతి మిద్దెకూ ముందు బండలు పరిచిన జగిలి. మా కోస్తావైపు అరుగు అంటామే, అదే. వీధి మధ్యలో ఒక వేపచెట్టు. దానిని తప్పించుకొని ఎద్దులబండి పోవాలంటే బండివాడు దిగి పగ్గం పట్టవలసిందే. సాయంత్రమయ్యేసరికి జగిళ్ల మీద ఆడవాళ్లు చెనక్కాయలు వొలుస్తూ కూర్చునేవారు. కొత్త అల్లుణ్ణి కాబట్టి, వీధి ఈ కొస నుంచి ఆ కొసకు నడిచేలోగా నా జీతం, జాతకం, మా అమ్మకు మోకాళ్ల నొప్పులున్న సంగతీ అన్నీ రాబట్టారు.

తరువాత సిమెంటు రోడ్డు వచ్చింది. రావాలని అందరూ కోరుకున్నదే. వానాకాలం బురద, ఎండాకాలం దుమ్ము ఎవరికి కావాలి? మొదటి గంప సిమెంటు పడినప్పుడు కొబ్బరికాయ కొట్టింది మా ఆవిడ అవ్వే. రెండు పక్కలా కాలువలు తీశారు. వాటి కోసం జగిళ్లు సగం సగం తెగిపోయాయి. వేపచెట్టు అడ్డమని కొట్టివేశారు. వీధి వెడల్పయింది, తిన్ననయింది, ఈ కొసన నిలబడితే ఆ కొస అద్దంలో లాగా కనిపిస్తుంది. పెద్ద రోడ్డు మీద రద్దీ ఎక్కువైనకొద్దీ బజారుకు పోయే మోటారుసైకిళ్లు, ఆటోలు, నీళ్ల ట్యాంకర్లు దీనిని అడ్డదారిగా కనిపెట్టాయి.

ఈసారి వెళ్లేసరికి అవ్వ జగిలి మీద లేదు. పడసాలలో గోడకానుకొని కూర్చున్నది.

"ఇదేమిటవ్వా, లోపల కూర్చున్నావు?" అన్నాను.

"యాడ కూర్చునేది నాయనా? ఆ బండ్లు వస్తాండే వేగానికి జగిలి మింద కాళ్లు యేలాడేసేదానికి లేదు. ఎనభయ్యేండ్లు వచ్చినాంక కాళ్లు పోగొట్టుకోమంటావా?" అన్నది.

నవ్వబోయాను గాని, మా బావమరిది ముఖం చూసి ఊరుకున్నాను. సంగతి తరువాత చెప్పాడు. కిందటేడు ఎదురింటి పిల్లవాడు, ఏడేండ్లవాడు, బంతి కోసం వాకిట్లోంచి వీధిలోకి వచ్చాడు. మోటారుసైకిలు కొట్టింది. తొడ ఎముక విరిగింది. రెండున్నర నెలలు మంచం మీద వున్నాడు. బండి నడిపినవాడు తాగుబోతూ కాదు, రౌడీ కూడా కాదు. ఆ పక్క వీధి కుర్రవాడే, ఇంట్లో వాళ్లకు మందులు తీసుకొని పోతున్నాడట. పడి వాడికీ భుజం దెబ్బతిన్నది. రోడ్డు మీద కూర్చుని ఏడ్చాడట.

వీధివారు చూశారు. ఒకనాటి రాత్రి తలా ఇంత చందా వేసుకొని, సిమెంటూ ఇసుకా కంకరా కలిపి, రోడ్డుకు అడ్డంగా ఒక హంపు కట్టారు. అడుగున్నర వెడల్పు, తొమ్మిదంగుళాల ఎత్తు. గేదె అడ్డంగా పడుకున్నట్లు వుండేదని మా బావమరిది వర్ణన. మూడోనాడు పాలవాడు దాని మీద పడ్డాడు. పాలు కాలువలో పోయాయి, మోచిప్ప పగిలింది. నొప్పులు పడుతున్న ఒక అమ్మాయిని ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోతుంటే, హంపు మీద ఆటో ఎగిరిన ఎగురుకు ఆ తల్లి పెట్టిన కేక వీధంతా విన్నదట. రాత్రివేళ ఖాళీ ట్యాంకరు దాని మీద నుంచి దూకితే ఎదురుగా వున్న ఇంటివారి కిటికీలు గలగలలాడేవి. ఆయన పదిహేను రోజులు ఓర్చుకొని, పదహారోనాటి రాత్రి గడ్డపార తీసుకొని హంపును పెకలించివేశాడు.

అంతటితో వీధి రెండు పక్షాలైంది. హంపు పక్షం, గడ్డపార పక్షం. మేము వెళ్లేసరికి ఈ జగిలివారు ఆ జగిలివారితో మాట్లాడడం లేదు. ముప్ఫై ఏండ్లుగా పచ్చళ్లు ఇచ్చిపుచ్చుకున్న ఇండ్లవి.

మా బావమరిది హైస్కూల్లో లెక్కల మాస్టరు. ఆదివారం తెల్లవారగానే, ఎండ ఎక్కకముందే, చేతిలో సుద్దముక్కా టేపూ పట్టుకొని వీధిలోకి దిగాడు. అప్పటికే ఇండ్లముందర ముగ్గులు పడ్డాయి. ఒక వింత గమనించాను. ఆ వేళ వచ్చిన ఒకటి రెండు బండ్లవాళ్లు, ముగ్గు పెద్దదిగా వున్నచోట కొంచెం నిదానించి పక్కగా పోయారు. ఏడు గంటలు కొట్టేసరికి ముగ్గు చెరిగింది, మర్యాదా చెరిగింది.

టేపు రెండో కొస పట్టుకున్నవాడు ఎదురింటి పిల్లవాడే. కాలు అతుక్కున్నది. పరుగెత్తితే మాత్రం కొంచెం తేడా తెలుస్తుంది.

"చూడు బావా" అన్నాడు మాస్టరు, వీడు పడిన చోట అడ్డంగా ఒక గీత గీసి. "ఇక్కడ పిల్లవాడు వచ్చాడనుకో. బండివాడు చూసిన క్షణానే బ్రేకు పడదు. కన్ను చూడాలి, బుర్ర గ్రహించాలి, కాలు కదలాలి. ఒక సెకనైనా పడుతుంది. గంటకు 30 కిలోమీటర్ల మీద వచ్చేవాడు ఆ సెకనులో 8 మీటర్ల పైచిలుకు వచ్చేస్తాడు. బ్రేకు మంచిదై, రోడ్డు పొడిగా వుంటే మరో 5 మీటర్లలో ఆగుతాడు. ఇంచుమించు 13."

పదమూడు మీటర్లు కొలిచి గీత గీశాడు. రెండిండ్ల ముందరి జాగా.

"వాడే 50 మీద వస్తే, ఆ సెకనులోనే 14 మీటర్లు. అంటే ముప్ఫైవాడు బండి ఆపుకొని నిలబడ్డ చోట, యాభైవాడు ఇంకా బ్రేకు తొక్కనేలేదు. తొక్కిన తరువాత ఆగడానికి ఇంకో 14."

రెండో గీత నాలుగున్నర ఇండ్ల అవతల పడింది. కుర్రవాడు టేపు పట్టుకొని అంత దూరం నడిచిపోయి, అక్కడ నుంచి వెనుదిరిగి తాను పడిన గీత వైపు చూశాడు. ఏమీ అనలేదు. కాసేపటికి వీధిలో పిల్లలందరూ చేరి ఆ గీతల మధ్య గెంతులాట మొదలుపెట్టారు. పెద్దవాళ్లు మాత్రం, రెండు పక్షాలవారూ, ఒక్కొక్కరే వచ్చి గీతలు చూసిపోయారు.

వేగం రెండింతలైతే దెబ్బ నాలుగింతలవుతుందని కూడా మాస్టరు చెప్పాడు. 2022 ఒక్క సంవత్సరంలో మన దేశంలో రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది చనిపోయారు. అందులో 32 వేలకు పైగా కేవలం కాలినడకన పోయేవాళ్లు. 2020 ఫిబ్రవరిలో స్టాక్‌హోములో అనేక దేశాల మంత్రులు సమావేశమై, మనుషులూ వాహనాలూ కలిసి తిరిగే వీధుల్లో 30 కిలోమీటర్లకు మించనివ్వరాదని తీర్మానించారంటే ఈ లెక్కే కారణం. ఆస్ట్రియాలోని గ్రాట్స్ నగరం పెద్ద రోడ్లు మినహా ఊరంతటికీ 1992లోనే ఆ పని చేసింది.

"అట్లయితే ముప్ఫై అని బోర్డు పెడితే సరిపోదా?" అన్నాను.

"బోర్డు మన క్లాసులో 'నిశ్శబ్దం' అని రాసి తగిలించినట్లే బావా" అన్నాడు.

ఇక హంపు సంగతి. హంపు అనేది తప్పు కాదు, మనవాళ్లు కట్టిన గేదె తప్పు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వారు 1988లోనే దీనికి కొలతలు చెప్పారు. ఎత్తు 10 సెంటీమీటర్లు, అంటే నాలుగంగుళాలు. బండి పోయే దిశలో పొడవు 3.7 మీటర్లు, అంటే పన్నెండడుగులు. పళ్లెం బోర్లించినట్లు గుండ్రంగా లేచి గుండ్రంగా దిగాలి. పైన తెల్లచారలు వుండాలి, కొంత దూరంలో హెచ్చరిక బోర్డు వుండాలి. ఆ హంపు మీద గంటకు 25 కిలోమీటర్ల వేగంతో పోతే ఏ బాధా వుండదు. వేగం పెరిగినకొద్దీ కుదుపు పెరుగుతుంది. కాబట్టి వేగంగా వచ్చేవాడికే శిక్ష. మనవాళ్లది నిదానంగా వచ్చే పాలవాడినీ, నొప్పులు పడే తల్లినీ కూడా కొట్టింది. ఇటువంటి ఎగుడుదిగుళ్లను మొదట లెక్కగట్టి వేయించినవారిలో ఆర్థర్ కాంప్టన్ ఒకరంటే నాకు ఆశ్చర్యం కలిగింది. 1927లో భౌతికశాస్త్రానికి నోబెల్ బహుమతి అందుకున్న ఆయనే. అమెరికాలో సెయింట్ లూయిస్ నగరంలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి అధిపతిగా వున్నప్పుడు, ఆవరణలో కార్లు విపరీతమైన వేగంతో పోవడం చూసి, 1953లో ఆ పనికి పూనుకున్నాడట. ఎక్స్‌రే కిరణాలు ఎలక్ట్రాన్లకు తగిలి ఎట్లా చెదురుతాయో కనిపెట్టినవాడికి కారు నడిపే కుర్రవాడు ఒక లెక్కా?

ఇంతలో తేరునాడు వచ్చింది. పున్నమి దాటిన కొద్ది రోజులకు స్వామివారి రథం కదులుతుంది. ఖదిర వృక్షం, అంటే చండ్రచెట్టు, పేరు మీద ఊరికి పేరు వచ్చిందనీ, స్వామి ఇక్కడ ప్రహ్లాదునితో కూడా వెలిశాడనీ చెప్పుకుంటారు. తెల్లవారుజాము నుంచే జనం. మిద్దెల మీద జనం, గోడల మీద జనం. ముస్లిములు కూడా స్వామిని కొలిచే ఊరిది. ఆ రోజు ఎవరు ఎవరో చెప్పడం కష్టం. తేరు కదలగానే అందరూ మిరియాలూ దవనమూ చల్లడం మొదలుపెట్టారు. దవనం వాసనా, మిరియాల ఘాటూ, చెమటా, దుమ్మూ కలిసిన ఆ గాలి ఊపిరి తిత్తులలో ఇంకా వున్నట్లే వున్నది.

మా ఆవిడ స్వామిని చూసింది. నేను, నిజం చెప్పాలంటే, చక్రాలను చూశాను.

వేల మంది పగ్గాలు పట్టి లాగుతున్నారు. ఊపు వచ్చిందంటే అంతటి బరువు ఎవరి మాటా వినదు. కాని చక్రాల పక్కనే కొందరు మనుషులు చెక్క దిమ్మెలు పట్టుకొని నడుస్తున్నారు. తేరు కాస్త ఉరవడిగా వచ్చిందంటే దిమ్మె చక్రం కిందికి పోతుంది. తేరు నిలిచిపోతుంది. ఒక పక్క చక్రానికి పెడితే తేరు ఆ పక్కకు మొగ్గుతుంది, మలుపు తిరుగుతుంది. వాళ్లు పైకి చూడరు, స్వామిని చూడరు, మిరియాలు మీద పడుతున్నా తల విదిలించరు. చూపంతా చక్రం మీదనే. ఊరిలోకెల్లా పెద్ద బండి, ఊరిలోకెల్లా నిదానంగా, పసిపిల్లలను భుజాన పెట్టుకున్న జనం మధ్య నుంచి పోతున్నది.

"ఆ దిమ్మె చూశావా?" అన్నాడు మా బావమరిది నా చెవిలో అరుస్తూ. "మనం గేదె నొకదాన్ని కట్టి అక్కడ పడేసి పోయి పడుకున్నాము. ఆయన తేరుతో కూడా నడుస్తున్నాడు!"

మరునాడు అదే తోవన పోయి చూశాను. తేరు పోయేటంత వెడల్పైన వీధిలో ఒక్క బండీ వేగంగా పోవడం లేదు. హంపు లేదు, బోర్డు లేదు. వీధిలోకి సగం వచ్చి కూర్చున్న పూలమ్మిలున్నారు, కుంకుమ రాసులు పోసిన బల్లలున్నాయి, తోపుడుబండ్లున్నాయి, ఒక ఆవు వున్నది. మోటారుసైకిలువాడు కాలు నేలకు ఆనిస్తూ, "రవ్వంత జరగమ్మా" అని బతిమాలుకుంటూ పోతున్నాడు. అంతకు నిమిషం ముందు మావాళ్ల వీధిలో దూసుకుపోయినవాడు వీడే అయివుంటాడు. మనిషి మారలేదు, వాడికి ఎదురుగా కనిపించేది మారింది. తిన్నగా, ఖాళీగా, దూరం కనిపించే రోడ్డు 'పో, పో' అంటుంది. మనుషులు కూర్చున్న వీధి అట్లా అనదు.

ఆ రాత్రి మిద్దె మీద చాపలు వేసుకొని పడుకున్నప్పుడు, పుస్తకాలలో చదివిన డెల్ఫ్టు సంగతి నేను చెప్పాను. డెల్ఫ్టు హాలెండులో చిన్న పట్నం. 1960ల చివర అక్కడ కూడా ఇదే గోడు. ఇండ్లవీధులు అడ్డదారులయ్యాయి. 1971లో ఆ చిన్న దేశంలో రోడ్ల మీద మూడు వేల మందికి పైగా చనిపోతే, అందులో నాలుగు వందలకు మించి పసిపిల్లలు. తల్లులూ తండ్రులూ వీధులకెక్కారు. పిల్లల హత్యలు ఆపండి అన్నదే వాళ్ల ఉద్యమానికి పేరు. డెల్ఫ్టువారు చేసిన పని వీధి రూపాన్నే మార్చడం. కాలిబాట వేరు, బండిబాట వేరు అనే గట్టు తీసివేశారు. తిన్నని దారిని వంకర చేశారు. ఇక్కడొక చెట్టు, అక్కడొక బల్ల, ఆ పక్క పిల్లలు ఆడుకొనే ఇసుక. 1976లో ఆ దేశం దీనికి చట్టమే చేసింది. అటువంటి వీధిలో మనిషి వీధి వెడల్పంతా నడవవచ్చు, పిల్లలు ఎక్కడైనా ఆడవచ్చు, బండి మాత్రం మనిషి నడకను మించరాదు. దానికి వాళ్లు పెట్టిన పేరు 'వూనెర్ఫ్'. వూన్ అంటే నివాసం, ఎర్ఫ్ అంటే ఇంటి ముందర జాగా.

"వాకిలి" అన్నది అవ్వ చీకట్లో నుంచి. నిద్రపోయిందనుకున్నాము.

"అవునవ్వా, వాకిలే."

"అయితే వాండ్లకు కూడా జగిలి వుంటాదా?"

ఏమని చెప్పను? వాళ్ల దేశంలో చలి అని చెప్పాను. అవ్వ తృప్తిపడలేదు.

ఇంకొక సంగతి చెప్పలేదు, ఆమెకు చెప్పవలసిన అవసరమూ లేదు. డొనాల్డ్ ఆపిల్‌యార్డ్ అనే పండితుడు శాన్‌ఫ్రాన్సిస్కోలో పక్కపక్కనున్న మూడు వీధులు తీసుకొని ఇంటింటికీ తిరిగాడు. ఒక వీధిలో రోజుకు 2,000 బండ్లు, మరొక దానిలో 8,000, మూడో దానిలో 16,000. ఈ వీధిలో మీకు స్నేహితులెంతమంది అని అడిగితే, మొదటి వీధివారు సగటున ముగ్గురని చెప్పారు. మూడో వీధివారికి ఒక్కరు కూడా పూర్తిగా లేరు. వాళ్లు కిటికీలు మూసుకొని వెనక గదులలో బతుకుతున్నారు. 1981లో ఆ సంగతులన్నీ పుస్తకంగా వేశాడు. మరుసటి యేడు ఏథెన్సులో వేగంగా వచ్చిన కారు కొట్టి చనిపోయాడు.

పంచాయతీ రెండు రోజుల తరువాత జరిగింది. జగిళ్లన్నిటిలో కాస్త ఎక్కువ మిగిలిన జగిలి గడ్డపార పక్షంవారిది కావడం వల్ల హంపు పక్షంవారు అక్కడికి వెళ్లక తప్పలేదు. కాఫీ ఇచ్చారు. తాగక తప్పలేదు.

మాస్టరు పన్నెండడుగుల హంపు లెక్క చెప్పాడు. మంచిదే, అన్నారు. ఎవరింటి ముందర? అక్కడ అందరూ కాఫీ గ్లాసుల్లోకి చూసుకున్నారు. ట్యాంకరు సంగతి మరొకరు ఎత్తారు. వేసవి ముందున్నది, కుళాయి రాని రోజు ట్యాంకరే గతి, దాన్ని అడ్డుకునే పని ఏదీ చేయరాదన్నారు. చెనక్కాయ మూటల ట్రాక్టరు రావాలి, 108 బండి రావాలి. పెండ్లి ఊరేగింపు రావాలని ఒకావిడ అన్నది. ఆమెకు పెండ్లికెదిగిన కూతురున్నదని తరువాత తెలిసింది.

చివరకు తేలినదేమంటే, హంపులు వీధి రెండు మొగల్లో, ఎవరి వాకిలీ లేనిచోట, కొలత ప్రకారం, పురపాలక సంఘంవారి చేతనే వేయించాలి. రాత్రికి రాత్రి మనం కట్టరాదు. అందుకు అర్జీ రాశారు, రెండు పక్షాలవారూ సంతకాలు చేశారు. అది వచ్చేలోగా మధ్య వీధి సంగతి? అప్పుడు మాట్లాడినవాడు గడ్డపారాయనే.

"మా దొడ్లో పగిలిన నీళ్లతొట్టి వుండాది. మీ యింట్లో వుండాది. ఈ ఊర్లో పగిలిన తొట్టి లేని యిల్లు యాడుంది? మట్టి పోసి చెట్లు నాటి, ఈ పక్కొకటి, ఆ పక్కొకటి పెడదాం. బండి పాములాగ తిరిగి పోవల్ల. పనికిరాకుంటే తీసేద్దాం. గడ్డపార అక్కర్లేదు."

ఆఖరి మాటకు ఎవరో నవ్వారు. తరువాత ఆయనే నవ్వాడు.

మరునాడు మొత్తం ఏడు తొట్లు బయటపడ్డాయి. ఎక్కడెక్కడ పెట్టాలో మాస్టరు సుద్దతో గుర్తులు పెట్టాడు. ట్యాంకరు నడిపే అబ్బాయిని పిలిచి, ఏదీ పోనీ చూద్దామన్నారు. వాడు మొదటిసారి మూడో తొట్టిని గీరాడు. తొట్టిని అడుగున్నర జరిపారు. రెండోసారి వెనక చక్రం కాలువ అంచుదాకా వెళ్లింది. ఇంకొంచెం జరిపారు. మూడోసారి నిక్షేపంగా దాటాడు, నడిచే మనిషి వేగంతో. దిగి వచ్చి, "రోజుకు రెండు ట్రిప్పులు తగ్గుతాయి సార్ నాకు" అన్నాడు. అది నిజమే. వాడికి ట్రిప్పుకింత అని కూలి. ఆ నష్టం సంగతి ఎవరూ తేల్చలేదు, నాకూ తోచలేదు.

తొట్లలో వేపమొక్కలూ కానుగమొక్కలూ పెట్టారు. పాత్రలు కడిగిన నీళ్లు వాటికి పోయాలని వంతులు వేసుకున్నారు. అంతా సుఖంగా వున్నదనుకోవద్దు. నాలుగోనాటి రాత్రి ముగ్గురు కుర్రవాళ్లు ఆ వంకర దారిలో పందెం పెట్టుకొని ఒక తొట్టిని పగలగొట్టారు. పగిలినదే మళ్లీ పగిలింది కాబట్టి నష్టం తక్కువ. చివర వున్న తొట్టి వల్ల తన స్కూటరు ఇంట్లోకి ఎక్కించడం కష్టంగా వున్నదని ఒకాయన సణుగుతున్నాడు. దాన్ని రెండిండ్లు అవతలికి జరపాలని మేము బయలుదేరేనాటికి చర్చ జరుగుతున్నది.

మేము తిరుగుప్రయాణమైన సాయంత్రం ఆటో పిలిచాము. ఆటోవాడు వీధిలోకి మలుపు తిరుగుతూనే తొట్టిని చూసి బ్రేకు వేశాడు. దాన్ని తప్పించుకుంటే ఎదురుగా ఇంకొకటి. విసుక్కుంటూ వచ్చి మా ముందు ఆపాడు.

"ఏం సామీ, ఈ వీధిలో బండ్లు పోనీకూడదనా?"

"పోనీరాకేమి నాయనా, పో" అన్నది అవ్వ. తెగిపోగా మిగిలిన జగిలి మీద, కాళ్లు కాలువ మీదికి వేలాడేసి, ఒడిలో చెనక్కాయలు పోసుకొని కూర్చున్నది. "మెల్లగ పో. యాడనుంచి వస్తాండావు? మీది ఏ వూరు? పెండ్లయిందా?"

వాడు బండి ఆపకుండానే జవాబు చెప్పడానికి ప్రయత్నించాడు గాని, అవ్వ ప్రశ్నలు ఇంకా మిగిలే వున్నాయి. మేము స్టేషను చేరేసరికి బండి వచ్చి నిలిచివున్నది.